ఇంటి కంప్యూటరు - వ్యవస్థ మార్పు

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన లోకమునందలి కోట్లకొలది ఇండ్లలో ఒక మార్పు జరిగినది. కాని ఆ ఇండ్లవారిలో పలువురు దానిని గమనింపనేలేదు. విండోస్ 10 అను ఆపరేటింగు సిస్టమునకు దానిని నిర్మించిన మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చుచుండిన ఉచిత సంరక్షణ ఆనాటితో ముగిసెను. మరునాడు ఉదయము మీట నొక్కగా ఆ కంప్యూటర్లు ఎప్పటివలెనే వెలిగినవి. ఉత్తరములు వ్రాయుటకు గాని, పాటలు వినుటకు గాని, చిత్రములు చూచుటకు గాని ఆటంకము లేదు. ఇట్లు చక్కగా పనిచేయుచున్న యంత్రమును కదలించి, అందలి వ్యవస్థను తీసి మరియొక వ్యవస్థను పెట్టుట ఎందులకు? ఇంటి పెద్దలు తరచుగా అడుగు ప్రశ్న ఇది. సహేతుకమైన ప్రశ్నయే. దీనికి సమాధానము తెలియవలెనన్న ముందుగా ఆపరేటింగు సిస్టమనగా నేమో తెలియవలెను.

పెండ్లివారింట పదిమంది పదిపనులు చేయుచుందురు. వంటవారికి బియ్యము కావలెను, మేళగాండ్రకు విడిది కావలెను, నీళ్లవాడు బిందెలడుగును. ఎవరికి వారు కొట్టుగదిలో జొరబడి చేతికందినది తీసికొనిపోయినచో మధ్యాహ్నమునకే పెండ్లి రచ్చయగును. అందుచేత పెత్తనము తెలిసిన పెద్ద యొకడు తాళపుచెవులు మొలలో దోపుకొని నడుమ నిలుచును. ఎవరికేమి కావలసినను అతనినే అడుగవలెను. కంప్యూటరులో ఆ పెద్దయే ఆపరేటింగు సిస్టము. ఉత్తరము వ్రాయు ప్రోగ్రాము గాని, బొమ్మలు చూపు ప్రోగ్రాము గాని డిస్కును, మెమరీని, ముద్రణ యంత్రమును స్వయముగా ముట్టవు. వ్యవస్థను అడిగి పుచ్చుకొనును. ఆ ముద్రణ యంత్రము మొదలగు పరికరముల భాష ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. వానితో మాటలాడుటకు వ్యవస్థ ఉంచుకొనిన దుబాసీలను డ్రైవర్లు అందురు. ఈ దుబాసీల ప్రస్తావన ముందు మరల వచ్చును, ఏలయన వ్యవస్థ మార్పులో కలుగు చిక్కులు పెక్కు వీరి వలననే.

ఇట్టి వ్యవస్థ కోట్ల పంక్తుల రచన. ఎంతటి నిపుణులు వ్రాసినను అందు లోపములు దాగియుండును. కొన్ని పదేండ్లకుగాని బయటపడవు. ఆ లోపములను వెదకువారు రెండు తెగలు: వానిని పూడ్చుటకు వెదకువారు, వానిగుండ లోపలికి దూరుటకు వెదకువారు. మొదటివారు కనుగొనినప్పుడెల్ల నిర్మాణ సంస్థ ఒక సవరణను తయారుచేసి ఇంటర్నెట్టు ద్వారా ఇండ్లకు పంపును. పెంకుటింటికి వానకాలమునకు ముందు పెంకులు సర్దించుట వంటిది ఈ పని. సంరక్షణ ముగిసినదనగా ఇక పెంకులు సర్దువాడు రాడని అర్థము. ఇల్లు ఆనాడే కూలదు. వాన కురిసిననాడు తెలియును.

అట్టి వాన 2017వ సంవత్సరము మే 12వ తేదీన కురిసెను. వన్నాక్రై అను పేరుగల దుష్ట ప్రోగ్రాము ఒకటి ఆ దినమున కంప్యూటరునుండి కంప్యూటరునకు తానే ప్రాకుచు, లోపలి ఫైళ్లనన్నిటిని రహస్య లిపిలోనికి మార్చివైచి, వానిని విడిపించుటకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయినులను అడిగెను. కొలది దినములలో సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాతబడెను. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలలు పెక్కింటిలో రోగుల వివరములు తెరువరాక, వేలకొలది చికిత్సా సమయములు రద్దయ్యెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ చిక్కుకొనినట్లు నాడు పత్రికలలో వచ్చెను. ఇందు గమనింపదగినది ఒకటి కలదు. వన్నాక్రై దూరిన కంతను పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు 2017 మార్చి 14వ తేదీననే, అనగా రెండు నెలలకు ముందుగనే, విడుదల చేసియుండెను. దెబ్బతిన్నవానిలో ఎక్కువ భాగము విండోస్ 7 యంత్రములు. వానికి అప్పటికి సంరక్షణ ఉండెను. వచ్చిన సవరణను పెట్టుకొనలేదు, అంతే. ఇక 2014 ఏప్రిల్ 8వ తేదీతో సంరక్షణ ముగిసిన విండోస్ ఎక్స్.పి.కి మార్చిలో అందరికిని ఇచ్చినట్లు సవరణ రానేలేదు. ఉపద్రవము వచ్చిపడిన తరువాత మాత్రమే ప్రత్యేకముగా ఒకటి ఇచ్చిరి. సవరణ వచ్చియు పెట్టుకొననివాని గతి అట్లుండగా, సవరణయే రానివాని మాట వేరుగ చెప్పనేల?

విండోస్ 10 వాడువారికి ముందున్న త్రోవలు మూడు. పేరు నమోదు చేసికొనినవారికి 2026 అక్టోబరు 13వ తేదీ వరకు భద్రతా సవరణలు ఇత్తుమని సంస్థ ప్రకటించెను. ఇది గడువు పొడిగింపు మాత్రమే. రెండవది, 2021 అక్టోబరు 5వ తేదీన వెలువడిన విండోస్ 11కు మారుట. సరియైన అనుమతి గల విండోస్ 10 ఉన్న యంత్రమునకు, అది తగినదైనచో, ఈ మార్పునకు రుసుము లేదు. మూడవ త్రోవ లినక్సు. ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన ఈ వ్యవస్థ నేడు ఉబుంటు, మింట్ మొదలగు పేర్లతో ఉచితముగా లభించుచున్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థవారు దీనికి తెలుగు రూపము కూడ కల్పించిరి. పాతబడినదని మూలబెట్టిన యంత్రములు దీనితో మరల చదువునకు పనికివచ్చుట అరుదు కాదు. అయితే విండోస్ కొరకు వ్రాసిన ప్రోగ్రాములు అందు యథాతథముగా నడువవు.

విండోస్ 11 ప్రతి యంత్రము పైన నిలువదు. 64 బిట్ల ప్రాసెసరు, 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల డిస్కు కనీసము ఉండవలెను. మెమరీ నాలుగే ఉన్నచో వ్యవస్థ నిలుచును గాని నడక మందము. ఎనిమిది ఉండుట మేలు. 64 బిట్లనగా నేమి? ప్రాసెసరు మెమరీలోని ప్రతి గడిని ఒక సంఖ్యతో గుర్తించును. ఆ సంఖ్యను 32 ద్వ్యంశ స్థానములలో వ్రాయునట్టిదైనచో రెండును ముప్పదిరెండు మారులు హెచ్చవేయగా వచ్చు 429,49,67,296 గడులను మించి గుర్తింపజాలదు. ఇదియే 4 గిగాబైట్లు. 64 స్థానములైనచో ఆ హద్దు చెరగిపోవును. విండోస్ 11లో 32 బిట్ల రూపమే లేదు. కావున ప్రాసెసరు 64 బిట్లదైనను అందు 32 బిట్ల విండోస్ 10 పెట్టియున్న ఇంటివారు పైపైన మార్పు చేయజాలరు. క్రొత్త వ్యవస్థను మొదటినుండి పెట్టవలసినదే. 32 బిట్ల ప్రోగ్రాములు 64 బిట్ల వ్యవస్థలో నడుచును. 32 బిట్ల డ్రైవర్లు మాత్రము నడువవు. పదునైదేండ్లనాటి స్కానరు యంత్రములు మార్పు తరువాత మూగవోవుటకు తరచుగా కారణమిదియే: యంత్రము చెడలేదు, దుబాసీ చెల్లకపోయెను.

ఇవిగాక టి.పి.ఎం. 2.0 అను చిన్న భద్రతా కరణము కూడ ఉండవలెను. రహస్యపు తాళపుచెవులను డిస్కునకు వెలుపల దాచియుంచుట దాని పని. పెక్కు యంత్రములలో ఇది ప్రాసెసరులోనే ఉండియు నిద్రించుచుండును. కంప్యూటరు వెలుగునపుడే నిర్దిష్టమైన మీట నొక్కి మదరుబోర్డు అమరికలలోనికి పోయి దానిని మేల్కొల్పవలెను. ఇంటెలు వారి బోర్డులలో దానిని పి.టి.టి. అనియు, ఏ.ఎం.డి. వారి బోర్డులలో ఎఫ్.టి.పి.ఎం. అనియు వ్రాసియుందురు. 'మీ యంత్రము పనికిరాదు' అను మాట చూచి క్రొత్త యంత్రము కొనబోవుటకు ముందు ఈ ఒక్క అమరికను చూచుట మంచిది. ప్రాసెసరు కూడ సంస్థవారి పట్టికలో ఉండవలెను. ఇంటెలు ప్రాసెసర్లలో సామాన్యముగా 2017లో వచ్చిన ఎనిమిదవ తరము మొదలుకొని అందు చేరినవి. మైక్రోసాఫ్టు వారి పి.సి. హెల్త్ చెక్ అను చిన్న ప్రోగ్రాము ఇవన్నియు పరీక్షించి, ఏది తక్కువయో చెప్పును.

అమరికలను ముట్టుటకు ముందు ఒక జాగ్రత్త. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్కు అంతయు ముందుగనే రహస్య లిపిలో భద్రపరుపబడియుండును. యజమానికి ఆ సంగతి తెలియకయు పోవచ్చును. భద్రతా అమరికలు మారినంతనే అట్టి యంత్రము అనుమానించి 48 అంకెల సంకేతమును అడుగును. ఆ సంకేతము సామాన్యముగా యజమాని మైక్రోసాఫ్టు ఖాతాలో ఉండును. దానిని ముందుగా చూచి కాగితముపై వ్రాసికొననివారు, తమ ఇంటి తలుపు ముందు తామే దొంగలవలె నిలువవలసివచ్చును. సంకేతము దొరకనిచో ఆ డిస్కులోని సమాచారము ఎవరి తరము కాదు.

తరువాతి పని ప్రతులు తీయుట. ప్రోగ్రాము పోయినచో మరల తెచ్చుకొనవచ్చును. తాతగారి షష్టిపూర్తి ఛాయాచిత్రములు పోయినచో ఏ అంగడిలోను దొరకవు. వ్యవస్థ మార్పులో సాధారణముగా ఫైళ్లు చెక్కుచెదరవు; కాని నడుమ కరెంటు పోవచ్చును, ముదిసిన డిస్కు ఆ శ్రమకు తాళలేకపోవచ్చును. అందువలన ఉత్తరములు, లెక్కలు, ఛాయాచిత్రములు వేరొక డిస్కులోనికి ఎత్తి, దానిని కంప్యూటరునుండి విడదీసి ఉంచవలెను. అదే డిస్కులో మరియొక అరలో పెట్టుకొనిన ప్రతి, ప్రతి కాదు. ఎత్తిన తరువాత నాలుగైదు ఫైళ్లనైనను మరియొక కంప్యూటరులో తెరచిచూడవలెను. తెరచిచూడని ప్రతిని నమ్మి నష్టపోయినవారు అనేకులు.

మార్పు రెండు విధములు. ఉన్న వ్యవస్థపైననే క్రొత్తదానిని పరచుట మొదటిది. ఇందు ఫైళ్లును, ప్రోగ్రాములును నిలుచును. డిస్కును తుడిచి మొదటినుండి పెట్టుట రెండవది. ఇందు ప్రోగ్రాములన్నియు మరల పెట్టవలెను. మొదటి విధమునకు సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ చాలును. పని గంటయో, రెండు గంటలో, అంతకు మించియో పట్టవచ్చును. నడుమ కంప్యూటరు పలుమారులు తనంత తానే ఆగి వెలుగుచుండును. తెర చాలసేపు నల్లగా ఉన్నను తొందరపడి మీట నొక్కరాదు. ల్యాప్‌టాప్ అయినచో విద్యుత్తునకు తగిలించియే ఉంచవలెను; బల్ల మీది కంప్యూటరునకు యు.పి.ఎస్. లేనిచో కరెంటు కోత వేళలు చూచుకొని మొదలిడుట వివేకము.

ఒక్కొక్కప్పుడు పని సగములో నిలిచి, యంత్రము తానే వెనుకకు పోయి పాత వ్యవస్థను నిలుపుకొనును. తెరపై ఒక వింత సంఖ్య కనబడును. ఇచ్చటనే పెక్కుమంది ధైర్యము వీడుదురు. నిజమునకు ఆ సంఖ్య యంత్రము పలుకు మాట. ఉదాహరణకు 0ఎక్స్80070070 అను సంఖ్యను చూడుడు. ముందున్న 0ఎక్స్ 'ఇది పదులతో గాక పదునారులతో లెక్కించిన సంఖ్య' అను గుర్తు. ఈ లెక్కలో పది మొదలు పదునైదు వరకు గల విలువలకు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అను ఆంగ్లాక్షరములను వాడుదురు. మొదటి 8 పని విఫలమైనదని తెలుపును. తరువాతి 7 దోషము విండోస్ సామాన్య దోషముల పట్టికలోనిదని తెలుపును. ఇక చివరి నాలుగు స్థానములు ఆ పట్టికలో వరుససంఖ్య. 0070 అనగా ఏడు పదునారులు, 112. పట్టికలో 112వ దోషము 'డిస్కులో చోటు లేదు.' అంతే! చెత్తబుట్టను ఖాళీచేసి, అక్కరలేని పెద్ద ఫైళ్లను వేరొక డిస్కునకు తరలించినచో పని సాగును. అట్లే 80070005 అయినచో ఐదవది, 'అనుమతి లేదు.' 80070002 అయినచో రెండవది, 'ఫైలు కనబడలేదు.' 8007000ఇ అయినచో ఇ యనగా పదునాలుగు, 'మెమరీ చాలలేదు.' ఎనిమిదవ తరగతి గణితము వచ్చినవారికి ఇందు బోధపడనిది లేదు.

సి1900101 అని కనబడు దోషము వేరొక పట్టికలోనిది. అది తరచుగా డ్రైవరు చిక్కును సూచించును. అప్పుడు ముద్రణ యంత్రము, స్కానరు, పెన్‌డ్రైవు మొదలగు తగులములను ఊడదీసి, బయటినుండి తెచ్చిపెట్టిన వైరసు నిరోధక ప్రోగ్రామును తాత్కాలికముగా తొలగించి, మరల ప్రయత్నింపవలెను. ఒకమారునకు ఒక మార్పే చేయవలెను. ఒకేమారు అయిదు పనులు చేసి సఫలుడైనవానికి ఏది తన వ్యాధియో, ఏది మందో తెలియదు.

వ్యవస్థ మారిన పిమ్మట ప్రోగ్రాములు పెట్టుకొనునప్పుడు వచ్చు చిక్కులు వేరు. వి.సి. రన్‌టైమ్ 140 అను ఫైలు లేదని చెప్పి ప్రోగ్రాము ఆగిపోవుట వానిలో మిక్కిలి సాధారణము. అనేక ప్రోగ్రాములు తమకు కావలసిన సరంజామా అంతయు మోసికొని రావు. కొంత ఇంటిలోనే ఉండునని ఎదురుచూచును. ఆ ఫైలు విజువల్ సి ప్లస్ ప్లస్ అను కట్టలోనిది; కట్టను మైక్రోసాఫ్టు వారి వద్దనుండి తెచ్చి పెట్టినచో సరిపోవును. ఇందొక మెలిక: వ్యవస్థ 64 బిట్లదైనను, పెట్టదలచిన ప్రోగ్రాము 32 బిట్లదైనచో దానికి 32 బిట్ల కట్టయే కావలెను. ఇది తెలియక 64 బిట్ల కట్టను నాలుగుమారులు పెట్టి నాలుగుమారులు విసుగుకొనువారు కలరు. ఆ ఒక్క ఫైలును మాత్రము ఊరుపేరు లేని చోటనుండి తెచ్చి అతికించుట కడు ప్రమాదము. దానితో ఏది వచ్చునో ఎరుగరాదు. పదేండ్లకు పైబడిన ప్రోగ్రాములు కొన్ని డాట్‌నెట్ 3.5 అను మరియొక కట్టను అడుగును. ఇది విండోస్‌తోనే లభించును. లక్షణముల పట్టికలో గుర్తుపెట్టినచో వచ్చి చేరును.

దోషసంఖ్య 1618 అయినచో వేరొక ప్రోగ్రాము స్థాపన ఇంకను జరుగుచున్నదని అర్థము. అది ముగియువరకు ఆగవలెను. 1603 అనునది మాత్రము 'పని చెడినది' అని చెప్పునే కాని కారణము చెప్పదు. అప్పుడు స్థాపన దినచర్య ఫైలును తెరచి, 'రిటర్న్ వాల్యూ 3' అను మాటలను వెదకవలెను. వానికి కొంచెము పైనున్న పంక్తులలోనే అసలు కారణము సామాన్యముగా ఉండును. క్రొత్త ల్యాప్‌టాప్ కొన్ని 'ఎస్' అను కట్టుబాటుతో వచ్చును. వానిలో మైక్రోసాఫ్టు అంగడిలోని ప్రోగ్రాములు తప్ప మరేవియు నిలువవు. ఆ కట్టుబాటును రుసుము లేకయే తొలగించుకొనవచ్చును. కాని తొలగించిన తరువాత మరల తెచ్చుకొనుట లేదు.

తెలుగు వ్రాయువారింట మరియొక చిక్కు తలయెత్తును. యూనికోడు విధానము వ్యాపింపకముందు తెలుగు ఫాంట్లు ఆంగ్లాక్షరముల స్థానములలోనే తెలుగు లిపి తునుకలను దాచియుంచెడివి. అట్లు వ్రాసిన ఉత్తరమునకు ఆ ఫాంటే ప్రాణము. డిస్కు తుడిచి క్రొత్త వ్యవస్థ పెట్టిననాడు ఫాంటు పోవును. కుమార్తె పెండ్లి శుభలేఖ తెరచిచూడగా అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు కనబడును. అక్షరములు చెడలేదు, వేషము పోయినది. పాత ఫాంటు ఫైలును మరల పెట్టినచో తెలుగు తిరిగివచ్చును. కావున ప్రతులు తీయునప్పుడు ఫాంట్లను కూడ ఎత్తియుంచవలెను. 1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు 128 స్థానములు కేటాయించినది. అందు 'క' అక్షరము సంఖ్య 3093. ఈ సంఖ్య ఏ దేశపు కంప్యూటరులోనైనను 'క'యే. పాత ఉత్తరములను యూనికోడులోనికి మార్చు ప్రోగ్రాములును ఉన్నవి. విండోస్ ఎక్స్.పి.తో వచ్చిన గౌతమి ఫాంటు యూనికోడుదే. అది క్రొత్త విండోస్‌లో ముందుగా కనబడకపోయినను, తెలుగు అదనపు ఫాంట్లను కోరినచో వచ్చును. అంతవరకు నిర్మల అను ఫాంటు ఆ పని చూచుకొనును.

ఉన్న వ్యవస్థపైన క్రొత్తదానిని పరచినచో పాత వ్యవస్థ వెంటనే నశింపదు. విండోస్ ఓల్డ్ అను అరలో పది దినములు నిలిచియుండును. ఆ పది దినములలో నచ్చకున్న సెట్టింగ్స్‌లోని 'గో బ్యాక్' మీటతో విండోస్ 10కు మరలవచ్చును. అందుచేత ముద్రణ యంత్రముపై ఒక కాగితము తీయుట, లెక్కల ప్రోగ్రామును తెరచుట, పాత తెలుగు ఉత్తరమును చదివిచూచుట మొదలగు పరీక్షలన్నియు మొదటి వారములోనే ముగింపవలెను. పదవ దినము దాటిన తరువాత వ్యవస్థ ఆ అరను తానే తొలగించును. దానితో పాత వ్యవస్థ ఆక్రమించియుండిన చోటు, అనేక గిగాబైట్లు, డిస్కులో ఖాళీయగును.